వశిష్ఠ గోదావరి మీద హౌస్‌బోట్లకు మరీనా కావాలా, పాత రేవులు చాలవా?

పాలకొల్లు అబ్బాయి:
సంక్రాంతి వెళ్ళాక అమ్మనీ పెద్దమ్మనీ తీసుకుని దిండిలో హౌస్‌బోట్ ఎక్కాను. నరసాపురం దాటి అంతర్వేది దాకా వెళ్ళి మర్నాడు వెనక్కి రావాలని మాట్లాడుకున్నాం. దారిలో మధ్యాహ్నం ఒక ఊరి రేవులో ఆపారు. అప్పటికే నీరు లాగేసింది. బోటుకీ గట్టుకీ మధ్య అంతా బురద. ఒక బల్ల వేసి దాని మీద నడిచి దిగమన్నారు. అమ్మకి డెబ్బై దాటాయి. సగం దూరం వచ్చేసరికి కాళ్ళు వణికి అక్కడే నిలబడిపోయింది. ఊళ్ళో కుర్రాళ్ళిద్దరు బురదలో దిగి చెరో చెయ్యీ పట్టుకుని గట్టెక్కించారు. వాళ్ళ మేలు మరిచిపోను. పెద్దమ్మ మాత్రం దిగనే లేదు. రెండు గంటలు బోటులోనే కూర్చుంది.

అందుకే నరసాపురం దగ్గరో చించినాడ దగ్గరో ఒక మరీనా కట్టాలంటాను. బోట్లు కట్టేసుకునే చోటు, డీజిల్, మంచినీళ్ళు, కరెంటు, శుభ్రమైన బాత్రూమ్, పెద్దవాళ్ళు భయం లేకుండా దిగే మెట్లు ఉండాలి. మా స్నేహితులు కొందరు అలా కడితే లంకల అందం పోతుందంటున్నారు. మీరేమంటారు?

సఖినేటిపల్లి రేవు:
మీ అమ్మగారి ఇబ్బంది నిజమేనండి. కానీ మెట్లు కడితే తీరేది కాదు. మా నాన్న నరసాపురం, సఖినేటిపల్లి మధ్య జనాన్నీ బళ్ళనీ నది దాటించే పంటు మీద పనిచేశారు. చిన్నప్పటి నుంచీ ఆ రేవు చూస్తున్నాను. సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడ పోటు వస్తే నీరు ఎక్కుతుంది, పాటు వస్తే దిగిపోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ తేడా ఇంకా ఎక్కువ. సిమెంటు మెట్లు కడితే పోటులో సగం మునుగుతాయి. పాటు వచ్చాక ఆ మునిగిన మెట్లే పాచి పట్టి బయటపడతాయి. మీ అమ్మగారు బల్ల మీద వణికారు, ఆ పాచి మీదైతే జారిపడేవారు.

ఇంకో సంగతి. నది వంపు తిరిగే చోట లోతు ఉన్న వైపే గట్టు కోసుకుపోతుంది. అవతలి వైపు ఇసుక మేట వేస్తుంది. గట్టు నిలిచే చోటికి బోటు వచ్చేంత లోతుండదు, బోటు వచ్చే చోట గట్టు నిలవదు. దానికి తోడు వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటి నీటి ముందు కదలకుండా కట్టింది ఏదైనా దెబ్బతింటుంది, లేదా మేటలో కూరుకుపోతుంది.

నీటితో పాటు లేచి దిగే తేలే జెట్టీ కావాలి. లావుపాటి ఇనుప స్తంభాలు పాతి, వాటికి రింగులతో పట్టిస్తే నీరు ఎంత పెరిగినా తగ్గినా జెట్టీ బోటు ఎత్తులోనే ఉంటుంది. గట్టు నుంచి దాని మీదకి చేత్తో పట్టుకునే కమ్మీతో వాలు వంతెన వేస్తే చాలు. వరదల నెలల్లో విప్పి దాచుకోవచ్చు.

లంక ఆడపడుచు:
తేలేదైనా, కట్టేదైనా సరే. ఎక్కడ పెడతారు? అది చెప్పండి ముందు. బోట్లు ఆపే చాలా రేవులు మేం స్నానాలు చేసే రేవులు, బట్టలుతుక్కునే రేవులు. కార్తీకంలో దీపాలు వదిలేదీ అక్కడే. మొన్న పొద్దున్నే బోటు మీద నుంచి ఒకాయన ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. మా అత్తగారు తడి చీరతో మెట్ల మీద ఉన్నారు. కేకేస్తే ఫోన్ దించాడు కానీ, తీసింది ఎక్కడికి వెళ్ళిందో ఎవరికి తెలుసు?

బోట్లు రావద్దని అనను. మా వైపు ఆడవాళ్ళు లేసు అల్లుతారు. కొనేవాళ్ళు నేరుగా వస్తే మధ్యవాళ్ళ చేతిలోకి పోయే డబ్బు మా చేతికొస్తుంది. స్నానాల రేవుకి కనపడనంత దూరంలో ఆపండి. రాత్రి జనరేటర్ ఆపేయండి. వలలు వేసి ఉన్న చోట లంగరు దింపొద్దు. మా మరిది వల ఒకసారి లంగరుకి చుట్టుకుని చిరిగిపోయింది.

కొచ్చిలో పదేళ్ళు:
అందరూ ఎక్కడం దిగడం గురించే మాట్లాడుతున్నారు. బోటులో బాత్రూముల ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తున్నారు? ఎవరైనా అడిగారా? వేంబనాడ్ సరస్సులో వందల హౌస్‌బోట్లు తిరుగుతాయి. అక్కడ నీరు ఎలా పాడయిందో నా కళ్ళతో చూశాను. బోట్లు ముందు పెరిగాయి, మురుగు లాగే ఏర్పాట్లు తర్వాత మొదలయ్యాయి. మరీనా కావాలని నేననేది కూడా అందుకే. ట్యాంకు లాగే పంపు లేని చోట బోటు రాత్రి నిలవకూడదు. ఇక్కడ బోట్లు తక్కువగా ఉన్నప్పుడే ఈ నియమం పెట్టాలి.

సఖినేటిపల్లి రేవు:
ఈ మాటతో నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. దానికి పెద్ద కట్టడం అక్కర్లేదండి. లారీ వచ్చే రోడ్డు పక్కన జెట్టీ పెడితే సెప్టిక్ ట్యాంకర్ వచ్చి లాక్కుపోతుంది.

గౌతమి గట్టు:
భద్రత కూడా కలపండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు ప్రవాహం మొదటి హెచ్చరిక స్థాయికి కూడా రాలేదు. కాబట్టి హెచ్చరిక వచ్చాక చూద్దాం అనుకుంటే కుదరదు. ఎక్కడ ఆగాలో బోటు నడిపే సరంగుకి బయల్దేరే ముందే తెలియాలి. ఆ రేవులో ప్రయాణికుల పేర్లు, లైఫ్‌జాకెట్లు చూసే మనిషి ఉండాలి.

పాలకొల్లు అబ్బాయి:
నేను సిమెంటు మెట్లే మనసులో పెట్టుకుని అడిగాను. అది తప్పని ఒప్పుకుంటున్నాను. ఇక్కడ నీరు రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతుందన్న సంగతి తెలిసి కూడా ఆలోచించలేదు. తేలే జెట్టీ, రోడ్డు పక్కన, స్నానాల రేవుకి దూరంగా. దీనికి సరే. నీడా, పట్టుకునే కమ్మీ, ఆడవాళ్ళకి బాత్రూమ్ మాత్రం వదులుకోను. ఆ రోజు పెద్దమ్మ దిగకపోవడానికి బురద ఒక్కటే కారణం కాదు. దిగితే బాత్రూమ్ ఎక్కడుందో తెలియదని ఇంటికొచ్చాక చెప్పింది.

అక్కా, ఆ వీడియో సంగతి చదివి చాలా బాధపడ్డాను. మేం ఆగిన రేవులో కూడా ఎవరో బట్టలుతుకుతున్నారు. నేనూ ఫోటోలు తీశాను. ఇప్పుడే చూసి, మనుషులున్నవి తీసేశాను.

సఖినేటిపల్లి అన్నా, ఒక సందేహం. నరసాపురం పంటు రేవు పక్కన పెడితే అంతర్వేది తీర్థం రోజుల్లో ఆ జనంలో బోట్లు ఎక్కడ కడతారు?

సఖినేటిపల్లి రేవు:
కట్టకూడదండి. భీష్మ ఏకాదశి చుట్టూ ఆ రోజులు రేవు పంటుది. హౌస్‌బోట్లు దిండి వైపే ఉండాలి.

లంక ఆడపడుచు:
ఫోటోలు తీసేసినందుకు సంతోషం, తమ్ముడూ. ఈసారి అమ్మనీ పెద్దమ్మనీ తీసుకొచ్చేటప్పుడు పోటు వేళ చూసుకుని రండి. నీరు గట్టు దాకా ఉంటే బల్ల పెద్దగా వాలు ఉండదు.