ఇన్‌ఫ్లమేజింగ్‌ని తెలుగులో ఏమందాం?

పోస్ట్: పెద్దవాళ్ల ఆరోగ్యం మీద ఒక వ్యాసం రాస్తూ ‘ఇన్‌ఫ్లమేజింగ్’ (వయసు మళ్లాక ఒంట్లో సన్నగా సాగుతూ ఉండే ఇన్‌ఫ్లమేషన్) దగ్గర ఆగిపోయాను. ‘వృద్ధాప్యపు వాపు’ అని రాస్తే మా నాన్నగారు చదివి తన పాదాలు చూసుకున్నారు. వేరే మాట చెప్పరూ?

కామెంట్ 1: వాపు అంటే ఎవరైనా కాళ్లే చూసుకుంటారండీ. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అని ఇన్‌ఫ్లమేషన్‌కి, అంటే గాయానికో సూక్ష్మజీవికో ఒళ్లు స్పందించే తీరుకి, నాలుగు గుర్తులు రోమన్ రచయిత సెల్సస్ ఒకటో శతాబ్దంలోనే రాశాడు. ముల్లు గుచ్చుకున్న వేలికి నాలుగూ ఉంటాయి. మీరు రాస్తున్నదానికి ఒక్కటీ పైకి కనపడదు. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ బృందం ఈ మాట తెచ్చింది. వయసు మళ్లాక రక్తంలో ఐఎల్-6, సీఆర్‌పీ లాంటి ఇన్‌ఫ్లమేషన్‌ని సూచించే ప్రోటీన్లు కాస్త పెరిగి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. గాయమూ ఉండదు, జ్వరమూ ఉండదు. విభజన ఆగిపోయినా చావని ముసలి కణాలు చుట్టుపక్కలకి ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు వదులుతూనే ఉంటాయి, పొట్టలో కొవ్వు వాటికి తోడవుతుంది. ఇంకోపక్క రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి యవ్వనం నుంచే కుంచించుకుపోతూ వస్తుంది కాబట్టి సూక్ష్మజీవులతో పోరాడే టీ కణాలు కొత్తవి రావడం తగ్గుతుంది. నిజంగా సూక్ష్మజీవి వచ్చిననాడు సత్తువ చాలదు, ఏమీ రానినాడు హడావుడి. ‘ఇమ్యూనిటీ తగ్గుతుంది’ అని తేల్చేసే వ్యాసాల్లో ఈ రెండోది ఉండదు, అదే నాకు చిరాకు. నా ఓటు ‘నివురు మంట’కి.

కామెంట్ 2: ‘శోథ’ ఉండగా కొత్తమాట దేనికి? కాలేయానికి ఇన్‌ఫ్లమేషన్ వస్తే కాలేయశోథ అంటున్నాం కదా, జర అంటే ముసలితనం కాబట్టి ‘జరాశోథ’ అనండి.

కామెంట్ 1: శోథ కూడా ఉబ్బడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందే సార్. సంస్కృతంలో చెప్పినా అది వాపే.

కామెంట్ 3: మా హైదరాబాద్‌ల ‘జర శోథ’ అంటే కొంచెం శోథ అనుకుంటరు. అర్థం గూడ సరిపాయె!

కామెంట్ 4: ‘మంట’ అంటే ఆర్పేద్దాం అనిపిస్తుంది, నా భయం అదీ. 2017లో ఫలితాలు వచ్చిన కాంటోస్ అనే మందు పరీక్షలో, అంతకుముందు గుండెపోటు వచ్చిన సుమారు 10 వేల మంది మీద ఇన్‌ఫ్లమేషన్‌ని తగ్గించే కానకినుమాబ్ ఇంజెక్షన్ ప్రయత్నించారు. మళ్లీ గుండెపోట్లు తగ్గాయి, ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. పేరు ఏది పెట్టినా ఈ సంగతి రాయండి. లేకపోతే చదివినవాళ్లు మంట ఆర్పడానికని నొప్పి మాత్రలకి ఎగబడతారు.

పోస్ట్ చేసినవారు: తప్పకుండా. ‘నివురు మంట’ అని రాసి, మొదటిసారి మాత్రం పక్కనే ఇన్‌ఫ్లమేజింగ్ అని పెడతాను. జరాశోథ సంగతి నాన్నగారికి చెప్పాను, నవ్వు ఆపుకోలేకపోతున్నారు.