గోపురం మీద కేబుల్ తీగలు, ముగ్గు మీద నీళ్ల సీసా: ఫొటోలోంచి ఎలా తీసేయాలి?

మాడవీధి:
అందరికీ నమస్కారం. మాది చెన్నై, మైలాపూర్. మా అమ్మానాన్నల షష్టిపూర్తి కపాలీశ్వరుడి గుడి దగ్గర ఒక హాల్లో చేశాం. బయట పెద్ద ముగ్గు ముందు ఇద్దరినీ నిలబెట్టి, వెనక గోపురం కనిపించేలా బావగారు ఫొటో తీశారు. అమ్మ కళ్లు మూయకుండా, నాన్న నవ్వుతూ ఉన్న ఫొటో ఇదొక్కటే.

గోపురానికి అడ్డంగా కేబుల్ తీగలు పోతున్నాయి. ముగ్గు కుడి మూల మీద ఎవరో నీలం మూత సీసా పెట్టారు. నాన్న భుజం పక్కనుంచి ఆటో పసుపు కప్పు తొంగి చూస్తోంది. ఫోన్లో ఉన్న ఎరేజర్‌తో గీస్తే ఆకాశంలో తీగ చక్కగా పోయింది గానీ, గోపురం మీద బొమ్మకు రెండు తలలు అదనంగా మొలిచాయి. అమ్మ చూసి, "బ్రహ్మదేవుణ్ణి ఎప్పుడు పెట్టారురా అక్కడ?" అంది.

నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ వద్దనుకుని కంప్యూటర్‌లో జింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్ వేసుకున్నాను. పెద్ద ప్రింటు తీయించి గోడకు తగిలించాలి. దారి చెప్పండి.

అడయార్ గాలి:
సీసా ఒక్కటే అయితే గూగుల్ ఫొటోస్‌లోని మ్యాజిక్ ఎరేజర్ చాలేది. 2021లో గూగుల్ ఫోన్ పిక్సెల్ 6తో వచ్చింది, 2024లో మిగతా ఫోన్లకూ ఉచితం చేశారు. ముగ్గు మీద మాత్రం ఏ ఎరేజర్‌నూ నమ్మకండి, చుక్కలు లెక్క తప్పుతాయి.

కోడంబాక్కం రీటచర్:
పెళ్లి ఆల్బమ్‌లు దిద్దడమే నా పని. చాలామంది తీసేయాల్సిన వస్తువునే చూస్తూ కూర్చుంటారు. చూడాల్సింది దాని వెనక ఏముందో. మీ తీగ ఒకటే అయినా ఆకాశం మీద ఒక పని, శిల్పాల మీద మరో పని.

ముందు బావగారి దగ్గరనుంచి అసలు ఫైలు తెప్పించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి, తీగల అంచుల వెంట సన్నని గళ్లు పడతాయి. డాక్యుమెంటుగా పంపమనండి. జింప్‌లో తెరిచి లేయర్‌కు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరకు) నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయండి.

ఆకాశంలో హీల్ టూల్ చాలు, ఒకచోటి నుంచి తెచ్చిన ముక్కను చుట్టుపక్కల రంగులో కలిపేస్తుంది. కంట్రోల్ కీ నొక్కి పక్కనే ఉన్న శుభ్రమైన ఆకాశం మీద క్లిక్ చేసి, తీగ కంటే కాస్త వెడల్పైన బ్రష్‌తో గీయండి. ఒకచోట క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకుని మరోచోట క్లిక్ చేస్తే గీత తిన్నగా వస్తుంది. కానీ తీగ వేలాడుతూ ఉంటుంది కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా వెళ్లండి.

తీగ గోపురం అంచును తాకే చోటే అసలు చిక్కు. హీల్ చుట్టుపక్కల రంగును కలుపుకుంటుంది, అంచు దగ్గర వాడితే గోపురం రంగు ఆకాశంలోకి మసకగా పాకుతుంది. అక్కడ ముందు ఒకచోటి ముక్కను ఉన్నదున్నట్టు మరోచోట అతికించే క్లోన్ టూల్‌తో, గట్టి అంచు ఉన్న బ్రష్‌తో తీగను తెంపేయండి. తెగి విడిపోయిన ముక్కల మీద హీల్ వాడండి.

శిల్పాల మీద క్లోన్ ఒక్కటే దిక్కు. అదే అంతస్తులో, అదే వైపు ఉన్న బొమ్మ నుంచి తెచ్చుకోండి. గోపురం రెండు పక్కలా ఒకేలా ఉంది కదా అని ఎడమ భాగాన్ని తిప్పి కుడివైపు అతికించకండి, నీడలు ఎదురు తిరుగుతాయి. ఎండ ఒకవైపు నుంచే పడుతుంది మరి.

ముగ్గుకు మాత్రం తిప్పడమే మందు, అది నేల మీద చదునుగా ఉంటుంది కాబట్టి. సీసా కుడి మూలన ఉంది గనక ఎడమ మూలను లాసోతో (చేత్తో గీత గీసి ఎంచుకునే టూల్‌తో) చుట్టి, కాపీ చేసి, కొత్త లేయర్‌గా అతికించి అడ్డంగా తిప్పండి. ఫొటో ఎదురుగా తీసి ఉంటే దాదాపు సరిపోతుంది. కొంచెం పక్కకు ఉంటే పర్‌స్పెక్టివ్ టూల్‌తో మూలలు లాగి గీతకు గీత కలపండి. తర్వాత లేయర్ మాస్క్ (పొరలో కొంత భాగాన్ని చెరపకుండా దాచే తెర) వేసి చుట్టూ అంచును మెత్తని బ్రష్‌తో కలిపేయండి. సీసా నీడను మరవకండి. వస్తువు పోయి నీడ మిగిలిన ఫొటోలు మా దగ్గరికి వారానికోసారైనా వస్తాయి!

ఆటో కప్పుకు ముందు భుజం గీత వెంట నాన్నగారిని చుట్టి సెలెక్షన్ గీసి, ఇన్వర్ట్ చేయండి, అంటే ఆయన్ను వదిలి బయటి భాగం ఎంపికయ్యేలా తిప్పండి. ఆ సెలెక్షన్ ప్రహరీ గోడలా అడ్డు నిలుస్తుంది, బ్రష్ చొక్కా మీదికి రాదు. అంచు మెత్తగా కలిసేలా ఒకటి రెండు పిక్సెళ్ల ఫెదర్ ఇవ్వండి.

జయనగర్ నాలుగో బ్లాక్:
ఫొటోషాప్ ఉన్నవాళ్ల కోసం ఒక మాట. తీసేసిన చోటును చుట్టుపక్కల పిక్సెళ్లతో తనే నింపే కంటెంట్ అవేర్ ఫిల్ 2010లో సీఎస్5 వెర్షన్‌తో వచ్చినా, దానికి విడి కిటికీ 2018లో ఇచ్చారు. ఎక్కడినుంచి పిక్సెళ్లు తెస్తుందో అందులో ఆకుపచ్చగా కనిపిస్తుంది. మనుషుల మీద ఉన్న ఆ పచ్చదనాన్ని బ్రష్‌తో తుడిచేస్తే చీర జరీ వెళ్లి గోడకు అంటుకోదు.

ఇక జనాన్ని తీసేయాలంటే ఒక్క ఫొటోతో కుస్తీ ఎందుకు? మా బెంగళూరు లాల్‌బాగ్‌లో ఆగస్టు పూల ప్రదర్శనప్పుడు గాజుమేడ ముందు ట్రైపాడ్ పెట్టి, ఆగి ఆగి చాలా ఫొటోలు తీశాను. ఫొటోషాప్ స్క్రిప్టుల్లో స్టాటిస్టిక్స్ తెరిచి, ఆ ఫొటోలన్నీ ఇచ్చి, ప్రతి చోటా వాటి మధ్య విలువను తీసుకునే మీడియన్ ఎంచుకుంటే నడిచేవాళ్లంతా మాయం. బెంచీ మీద కూర్చుని పల్లీలు తిన్న పెద్దాయన మాత్రం కదలలేదు, ఫొటోలోంచీ కదలలేదు.

మాడవీధి:
రీటచర్ గారూ, ముగ్గు కుదిరింది. ఎక్కడ అతికించానో బావగారికి కూడా అంతుపట్టలేదు. తీగలు ఆకాశంలో పోయాయి, శిల్పాల దగ్గర ఇంకా కుస్తీ పడుతున్నాను. గోపురం మీద పావురాలు కూడా ఉన్నాయి. వాటినీ తీసేయమంటారా?

కోడంబాక్కం రీటచర్:
పావురాల్ని ఎందుకండీ? గోపురం మీద అవి ఉండేవే, చూసేవాళ్లకు అడ్డు కాదు. వాటి మీద పెట్టే సమయం శిల్పాల మీద పెట్టండి. క్లోన్ చేశాక ఒకే బొమ్మ పక్కపక్కన రెండుసార్లు కనబడుతోందేమో చూడండి. అలా ఉంటే రెండోదాని చేతినో కిరీటాన్నో మరో బొమ్మ నుంచి తెచ్చి మార్చండి. నూరు శాతం సైజులో మూల నుంచి మూలకు ఒకసారి తిరిగి చూశాక ప్రింటుకు టిఫ్ ఫైలు ఇవ్వండి. లేయర్లున్న ఎక్స్‌సీఎఫ్ (జింప్ సొంత) ఫైలు మీ దగ్గర ఉంచుకోండి, ప్రింటు చూశాక అమ్మగారు ఇంకేదైనా తీసేయమనవచ్చు.