బాబుని వదిలేస్తే బంగారం ఇస్తామంటున్నారు, సంతకం పెట్టాలా?

తెనాలి టీచర్:
అందరికీ నమస్కారం. పెళ్లై పదేళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 14 వేలు. ఏడాదిన్నరగా తెనాలిలో పుట్టింట్లోనే ఉంటున్నాను. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు. వేసవి సెలవులకని మా ఆయన బాబుని ఒంగోలు తీసుకెళ్లారు. బడులు తెరిచి మూడు వారాలైనా పంపలేదు. వాడి మూడో తరగతి పుస్తకాలకి అట్టలు వేశాను, బల్ల మీద అలాగే ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసినా "నిద్రపోతున్నాడు" అంటారు.

మొన్న ఆదివారం పెద్దమనుషులు స్టాంపు పేపరు రాసుకుని వచ్చారు. ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకోవాలట. పాప నాకు, బాబు వాళ్లకి. అత్తగారి లాకర్లో ఉన్న నా 22 కాసుల బంగారం తిరిగిస్తారట, భరణం మాత్రం అడగకూడదట. నాన్న పసుపు కుంకుమ కింద నాకు రాసిన అరెకరం 2019లో అమ్మి, ఆయన పేరున ఫ్లాట్ కొన్నాం. దాని ఊసే లేదు. అమ్మేమో "సంతకం పెట్టెయ్, పీడ వదులుద్ది" అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జిల్లా కోర్టు వకీలు:
పెట్టొద్దమ్మా. ఆ కాగితంతో విడాకులు అయిపోవు, కోర్టు డిక్రీ కావాలి. కానీ "అప్పుడే ఒప్పుకుంది కదా" అని రేపు దాన్నే చూపిస్తారు.

ముందు బాబు సంగతి. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి చట్టం చెబుతుంది, కాబట్టి పాప గురించి అంత భయం లేదు. బాబు ఆ వయసు దాటాడు. ఇక జడ్జి చూసేది వాడి మేలు ఒక్కటే. ఎక్కడ చదివాడు, ఎవరు చూసుకున్నారు, చెల్లితో కలిసి పెరిగాడా అని చూస్తారు, వాడినీ అడగొచ్చు. ఇన్నాళ్లూ తెనాలిలో చదివాడు కాబట్టి పిటిషన్ మీ ప్రాంతంలోనే వేయొచ్చు. ఆలస్యం మాత్రం వద్దు. ఆరు నెలలు ఒంగోలు బడికి వెళ్లాడంటే "ఇక్కడ అలవాటు పడ్డాడు" అంటారు.

బంగారం మీ స్త్రీధనం. ఇవ్వడం వాళ్ల ఉపకారం కాదు, బిడ్డకి బదులు పెట్టే వస్తువు అంతకన్నా కాదు. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దాన్ని తిరిగి ఇప్పించగలరు. బాబు తాత్కాలిక కస్టడీ కూడా అక్కడే అడగొచ్చు.

ఫ్లాటే కష్టం. విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకి రావాలనే చట్టం మనకి లేదు. మీ పొలం డబ్బే అందులోకి వెళ్లిందని అమ్మిన దస్తావేజు, బ్యాంకు ఎంట్రీలతో మీరు చూపించాలి. వాళ్లకి పంచుకోని పూర్వీకుల పొలం ఉంటే అందులో బాబుతో పాటు పాపకీ పుట్టుకతో హక్కుంది. మీరు భరణం వద్దని రాసినా అది పోదు.

కరీంనగర్ అక్క:
చెల్లీ, నేను ఇలాగే సంతకం పెట్టాను. బంగారం తూకం వేస్తే సగమే వచ్చింది. నా దగ్గర లిస్టు లేదు, ఎవరిని అడగను? పెళ్లి ఆల్బం, షాపు బిల్లులు ఇవాళే వెతుకు. లాయర్ ఫీజుకి అప్పు చేయకు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నాకిది మూడు నెలలు తిరిగాక తెలిసింది.

ఒక నాన్న:
మేడమ్, మా పాప వాళ్లమ్మ దగ్గర ఉంటుంది. మీ ఆయన చేసింది తప్పే. మా ఒప్పందంలో "వీలున్నప్పుడు చూడవచ్చు" అని రాశారు. ఆ ఒక్క మాటతో రెండేళ్లు గొడవపడ్డాం, పాప నలిగిపోయింది. మీరు అలా వదలకండి. ఏ ఆదివారం, ఎన్నింటికి, సంక్రాంతి సెలవులు ఎవరి దగ్గర, అన్నీ రాయించండి. కేసు తేలేదాకా రోజూ వీడియో కాల్ ఉండాలని ఇప్పుడే అడగండి.

తెనాలి టీచర్:
అందరికీ దండాలు. అమ్మకి అన్నీ చదివి వినిపించాను. ఆల్బం దొరికింది, వడ్డాణంతో ఉన్న ఫోటో స్పష్టంగా ఉంది. సోమవారం సెలవు పెట్టి బ్యాంకుకి, కోర్టుకి వెళ్తున్నాను. వకీలు గారూ, వాళ్లు బాబు టీసీ అడిగితే స్కూలు వాళ్లు ఇచ్చేస్తారా?

జిల్లా కోర్టు వకీలు:
ఇచ్చేయొచ్చమ్మా. కస్టడీ వివాదం ఉందని, మీకు చెప్పకుండా ఇవ్వొద్దని రేపే హెడ్‌మాస్టర్‌కి రాసిచ్చి, అందినట్టు సంతకం చేయించుకోండి. గట్టిగా ఆపాలంటే కోర్టు ఉత్తర్వే కావాలి. పిటిషన్‌తో పాటు అదీ అడగండి.