హాస్టల్ గురించి అమ్మాయిలు నిజం చెప్పాలంటే ప్రశ్నలు ఎలా అడగాలి?

మాది కావలి. నెల్లూరు దగ్గర ఒక యూనివర్సిటీలో పీజీ మొదటి సంవత్సరం, ఉండేది అమ్మాయిల హాస్టల్లో. పోయిన నెల వార్డెన్ గారు హాస్టల్ ఎలా ఉందో రాయమని ఫారాలు ఇచ్చారు, కానీ పైన పేరు, రూమ్ నంబర్ రాయాలి, దాంతో అందరూ 'బాగుంది' దగ్గర టిక్కు పెట్టి ఇచ్చేశారు. నేనూ అంతే. ఇప్పుడు బాధగా ఉంది, ఎందుకంటే తెల్లవారుజామున ఐదింటికే బకెట్లు వరసలో పెట్టి నిలబడాలి, వచ్చేదేమో ఉప్పు బోరు నీళ్లు, నా ఎర్ర బకెట్ లోపలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకుపోయింది. భోజనం మాత్రం నిజంగా బాగుంటుంది, వంట చేసే అక్కలకు మాట రాకూడదు.

కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడులు ఇచ్చే నాక్ (NAAC) వాళ్ల విద్యార్థుల సర్వేలో అడిగేది ఎక్కువగా పాఠాలు చెప్పడం గురించే. అందుకే మేమే పేర్లు లేకుండా గూగుల్ ఫామ్ చేసి, వచ్చిన జవాబులు వార్డెన్ గారికి ఇద్దామనుకుంటున్నాం. 'నీళ్లు బాగున్నాయా' అని అడగాలా, 'ఈ వారం ఎన్ని రోజులు నీళ్లు రాలేదు' అని అడగాలా? ఎవరి ఈమెయిలూ కనపడకుండా ఎలా పెట్టాలి? మీ హాస్టల్లో ఇలా చేసినవాళ్లుంటే, ఆ తర్వాత ఏమైనా మారిందా లేదా అన్నది కూడా చెప్పండి ప్లీజ్. సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వెళ్లేలోపే ఇవ్వాలని మా ఆశ.