అంబాసిడర్ ఇంజిన్ రేకు పార్టులకి ఏ పెయింట్ ఆగుతుంది?

ప్రశ్న: నాన్నగారి పెట్రోల్ అంబాసిడర్ ఇంజిన్ దింపించాం, టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత), సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి), ఎయిర్ క్లీనర్ డబ్బా అన్నీ రేకువే కదా, జిడ్డు గోకుతుంటే పాత పెయింట్ పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. షాపులో సైలెన్సర్‌కి వేసే హీట్ పెయింట్ చాలంటున్నారు, పెయింటర్ ఏమో పౌడర్ కోటింగ్ అంటున్నాడు. పెట్రోల్ పడ్డా ఊడకుండా ఏది ఆగుతుందండీ?

రిప్లై: హీట్ పెయింట్ వద్దండీ. అది సిలికాన్ పెయింట్, బాగా వేడెక్కితేనే గట్టిపడుతుంది, టాపెట్ కవర్‌కి అంత వేడి రాదు కాబట్టి మెత్తగానే ఉండిపోయి పెట్రోల్ గుడ్డ తగిలితే లేచొచ్చేస్తుంది. ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి అయితే అదే కరెక్ట్. రేకుకి ఎపాక్సీ ప్రైమర్, పైన హార్డెనర్ కలిపే 2కే పీయూ (రెండు భాగాల పాలీయురేథేన్ పెయింట్) కొట్టించండి. కొట్టేవాళ్ళకి మామూలు గుడ్డ మాస్క్ సరిపోదు, హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే కెమికల్ ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా డేంజర్.

రిప్లై: పౌడర్ కూడా గట్టిదే అన్నా, ఓవెన్‌లో 180-200 డిగ్రీల్లో కాలుస్తారు. కానీ ఎక్కడైనా చిట్లితే తుప్పు లోపల్లోపలే పాకుతుంది, టచప్ కుదరదు. పైగా ఎయిర్ క్లీనర్‌లో రబ్బరు ఉంటే ముందే తీసేయాలి. నేనైతే పీయూకే ఓటు.

రిప్లై: ఏది వేసినా జిడ్డు పోకపోతే దండగే, మడతల్లో, బోల్టు హోల్స్ చుట్టూ థిన్నర్‌తో తెల్ల గుడ్డకి నలుపు అంటనంత వరకు తుడవండి. ఇసుక బ్లాస్టింగ్‌కి ఇస్తే పల్చటి రేకు వంకర్లు పోయి ఆయిల్ లీకవుద్ది, వైర్ బ్రష్ చాలు. గాస్కెట్ (ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే ప్యాకింగ్) కూర్చునే అంచుకి టేప్ వేయడం మర్చిపోకండి.