సీసం తీసేసి టిన్ వేస్తే పైపులో నల్ల చారలు, ఎందుకు?

కడప పైపులు: అన్నా, పీవీసీ పైపుకు సీసం స్టెబిలైజర్ (వేడికి పీవీసీ చెడకుండా కాపాడే మందు) మాని, గంధకమున్న టిన్ (తగరం) మందు మిథైల్ టిన్ మెర్‌క్యాప్టైడ్ వేస్తున్నాం. పాత పైపుల పొడి 10% కలుపుతాం. నల్ల చారలొస్తున్నాయి. మాడుతోందా?

అనంతపురం ల్యాబు: మాడడం కాదబ్బా, ఆ పాత పొడి పనే. టిన్ పరమాణువుకు నాలుగు చేతులు. డైమిథైల్ రకంలో రెండు మిథైల్ కార్బన్లను, రెండు గంధకాన్ని పట్టుకుంటాయి. ఆ గంధకం పాత పొడిలోని సీసంతో కలిస్తే లెడ్ సల్ఫైడ్, కాటుకంత నలుపు. పాత ముక్కను బ్లేడుతో గీకి, 5% సోడియం సల్ఫైడ్ చుక్క వెయ్యి. నల్లబడితే సీసముంది. గ్లౌజులేసుకో; యాసిడ్ తగిలితే విషవాయువు. మిక్సరు, హాపర్, స్క్రూ కూడా కడగాల.

కర్నూలు ఎక్స్‌ట్రూడర్: ఇంకోటి. అన్నీ కలిపొచ్చే సీసం వన్‌ప్యాక్‌లో లూబ్రికెంటు (జారుడు పదార్థం) కలిసే వస్తుంది, టిన్‌లో రాదు. కాల్షియం స్టియరేటు, పారాఫిన్ మైనం విడిగా వెయ్యకుంటే మిషన్ గోడకంటుకుని నిజంగానే మాడుతుంది.

కడప పైపులు: ట్రైబ్యూటైల్ టిన్ రకం చౌకగా ఇస్తామంటున్నారు?

అనంతపురం ల్యాబు: వద్దే వద్దు. అది స్టెబిలైజరే కాదు, విషం. ఓడల అడుగున సముద్ర జీవులు పట్టకుండా పూసేవాళ్లు. 2008లో అమల్లోకొచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఓడలకు ఆ పూతను నిషేధించింది. నీళ్ల పైపుకా అది!