కారు దారికి పేవర్లు మనమే పరుచుకోవచ్చా, మేస్త్రిని పిలవాల్సిందేనా?

గునపం:
గేటు నుంచి కారు నిలిపే చోటి దాకా 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. పేవర్ బ్లాకులు నేనే పరుద్దామనుకుంటున్నా. మా బావమరిదేమో "ఒక్క వానకే కుంగుతుంది, మేస్త్రికి అప్పగించు" అని ఒకటే పోరు. వీడియోల్లో చూస్తే తేలిగ్గానే ఉంది. చేసినవాళ్లు చెప్పండి.

నేలమాళిగ:
వీడియోలో మూడు రోజుల తవ్వకం మూడు సెకన్లలో అయిపోతుందండీ. బ్లాకు మందం 8 సెం.మీ., కింద ఇసుక 3, దాని కింద కంకర 20. మొత్తం 31 సెం.మీ. లోతు. మీ 18 చదరపు మీటర్లకు ఐదున్నర ఘనపు మీటర్ల మట్టి లేస్తుంది. తవ్విన మట్టి గుల్లబారుతుంది కాబట్టి మోసేది ఏడు దాకా ఉంటుంది. అదంతా ఎక్కడ పోస్తారు? బ్లాకుల బరువే మూడు టన్నుల పైమాట. నా ఓటు మేస్త్రికే.

తాపీ_లేని_మేస్త్రి:
నేను సొంతంగానే వేసుకున్నా. మొదటిసారి కుంగింది, దాచను. వానాకాలం అయ్యేసరికి చక్రాలు నడిచే రెండు జాడల్లో వేలి మందం పల్లం. బ్లాకు లేపి చూస్తే ఇసుక బాగానే ఉంది, దాని కింద కంకర దిగబడింది. 20 సెం.మీ. ఒకేసారి పోసి దిమ్మిస కొట్టాను మరి! పైన బిగిసింది, అడుగున గుల్లగానే ఉండిపోయింది. రెండోసారి ప్లేట్ కంపాక్టర్ (అదురుతూ నేలను అదిమే యంత్రం) అద్దెకు తెచ్చి, మూడు పొరలుగా పోసి, ఒక్కో పొరా తడిపి తొక్కించా. నాలుగేళ్లయింది, కదల్లేదు.
మేస్త్రి అయితే కుంగదని మాత్రం అనకండి. మా పక్కింట్లో పల్లాలన్నీ ఇసుకతోనే కప్పేసి పోయారు.

సిమెంటు_బస్తా:
ఈ గోలంతా ఎందుకు? కింద 10 సెం.మీ. కాంక్రీటు వేసి దాని మీద పరచండి. జన్మలో కుంగదు.

నేలమాళిగ:
కీళ్లలోంచి దిగిన నీళ్లు ఎటు పోతాయి బాబూ? ఇసుక కాంక్రీటు మీద నానుతూ కూర్చుంటుంది, కారు ఎక్కినప్పుడల్లా సందుల్లోంచి బురద చిమ్ముతుంది. నీళ్లు పోయే బెజ్జాలు లేకుండా ఆ పని వద్దు. పైగా కింద పైపు పగిలితే కాంక్రీటు పగలగొట్టాలి. లేపి మళ్లీ పెట్టుకోవచ్చనే కదా బ్లాకులు వేసేది!

సిమెంటు_బస్తా:
సరే, బంకమట్టి నేలైతే? మీ కంకర ఎన్ని పొరలు తొక్కించినా మట్టిలోకి దిగిపోతుంది.

తాపీ_లేని_మేస్త్రి:
మట్టికీ కంకరకూ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి, కంకర మట్టిలో కలవకుండా ఆపేది) పరవాలి. తడికి ఉబ్బి ఎండకు పగిలే నేలైతే మాత్రం నేనూ చెయ్యి పెట్టను, తెలిసినవాళ్లను పిలుస్తా. అక్కడ మీ మాటే ఒప్పు.

గునపం:
మాది ఎర్ర గరపనేల. వాటం ఎంత ఇవ్వాలి?

తాపీ_లేని_మేస్త్రి:
ఇంటి నుంచి గేటువైపు మీటరుకు 2 సెం.మీ. అంటే గేటు దగ్గరకు 12 సెం.మీ. దిగాలి. లెవెల్ పైపుతో గుర్తులు పెట్టి దారం కట్టండి. ఆ వాటం కంకరలోనే రావాలి, ఇసుకతో సర్దుదామనుకోవద్దు.
ఇసుకకు ఒక కిటుకు: కంకర మీద ఒకే లావు పైపులు రెండు పడుకోబెట్టి, మధ్యలో ఇసుక పోసి, బద్దను పైపుల మీదుగా లాగండి. పైపులు తీశాక ఆ గాళ్లు పూడ్చి, ఇక దాని మీద కాలు పెట్టొద్దు. పరిచిన బ్లాకుల మీద మోకాళ్లేసి ముందుకు జరగాలి. మా కుక్కకు ఈ సంగతి చెప్పలేకపోయా, రెండు గజాలు మళ్లీ లాగాల్సి వచ్చింది.
అంచుల్లో కర్బు, అంటే బ్లాకుల్ని పట్టి ఉంచే గట్టు, మర్చిపోకండి. అది లేకపోతే చివరి వరస బయటికి జారుతుంది, దాని వెంట మిగతావీ వదులవుతాయి.

నేలమాళిగ:
తొక్కించాక కీళ్లలో సన్న ఇసుక పొడిగా ఉన్నప్పుడే నింపండి. తడి ఇసుక పైనే ఆగిపోతుంది. మట్టి మోసే మనుషుల్ని మాత్రం పెట్టుకోండి, ఆ మాట మీద నేను కదలను.

గునపం:
బావమరిదికి ఇదంతా చదివి వినిపించా. కంపాక్టర్ నడపడానికి వస్తాడట. తవ్వే రోజు మాత్రం ఊళ్లో ఉండడట.